తనకంటూ ఒక దారి: ఛాయాదేవి కథలూ, డెల్టా స్త్రీల తీరికా

'తృప్తి' అనే మాటని మన సమాజం ఆడవాళ్ళ విషయంలో వాడినంత ధారాళంగా మగవాళ్ళ విషయంలో వాడదు. మగవాడు ఏదైనా సాధిస్తే పైకొచ్చాడంటారు, పేరు తెచ్చుకున్నాడంటారు. ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి "ఉన్నదాంట్లో తృప్తిగా సర్దుకుపోతుంది, బంగారు తల్లి" అంటారు. అంటే తృప్తి ఆమె పొందేది కాదు, ఇతరుల సుఖం కోసం ఆమె ప్రదర్శించవలసిన గుణం. ఆ ప్రదర్శనలో ఏ మాత్రం లోటొచ్చినా "దానికి తృప్తి లేదు" అనే తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఒక స్త్రీ తన జీవితంలో నిండుదనం వెతుక్కోవడం గురించి మాట్లాడాలంటే ముందు ఈ మాటతోనే పేచీ పడాల్సి వస్తుంది.

పేచీ అక్కడితో తీరదు. చుట్టూ సమాజం ఇంత కల్లోలంగా ఉన్నప్పుడు ఒక మనిషి తన సొంత సాఫల్యం గురించి ఆలోచించడం న్యాయమేనా అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. దీనికి మన దగ్గర రెండు సమాధానాలు చలామణిలో ఉన్నాయి. ముందు సమాజం మారాలి, వ్యక్తుల సంతోషం సంగతి తర్వాత చూసుకోవచ్చు అన్నది మొదటిది. ఉద్యమాలు చాలాకాలం ఈ మాటే చెప్పాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన వాళ్ళకి ఈ సమాధానం ఖరీదెంతో తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ఆ రోజుల్ని తమ బతుకులో అన్నిటికన్నా నిండైన రోజులుగా చెప్పుకున్నారు. పోరాటం ఆగిపోయాక చాలామందికి ఎదురైంది మళ్ళీ ఆ పాత వంటిల్లే. వాళ్ళు వాయిదా వేసుకున్న జీవితాన్ని తిరిగి తెచ్చివ్వాల్సిన బాధ్యత తమదని ఎవరూ అనుకోలేదు.

రెండో సమాధానం వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెప్పేది. సమాజాన్ని మార్చడం నీవల్ల కాదు, నిన్ను నువ్వు మార్చుకో, నీ ఆలోచన మారితే నీ బతుకు మారుతుంది. బస్టాండు పుస్తకాల కొట్లలో ఇప్పటికీ ముందు వరసలో కనిపించేవి ఈ పుస్తకాలే. వీటిలో కుటుంబం, కులం, కూలి రేటు, కట్నం అన్నీ వాతావరణం లాంటివి. ఎండకి గొడుగు వేసుకున్నట్టు వాటి మధ్య మనం జాగ్రత్తగా నడవాలి, అంతే. మొదటి సమాధానం స్త్రీని ఆగమంటుంది, రెండోది సర్దుకోమంటుంది. రెండూ ఆమెకి అలవాటైన పనులే.

ఈ రెండిటికీ లొంగకుండా ఆలోచించిన తెలుగు కథకుల్లో అబ్బూరి ఛాయాదేవి ముఖ్యురాలు. 1933లో రాజమండ్రిలో పుట్టిన ఆమె 2019లో హైదరాబాదులో కన్నుమూశారు. 'తన మార్గం' కథల సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. స్త్రీవాద సాహిత్య చరిత్రలో ఆమె స్థానం గురించి చాలామందే రాశారు. ఇక్కడ నేను చూడాలనుకుంటున్నది ఒకే విషయం. ఆమె కథల్లో స్త్రీకి దొరికే, లేదా దొరక్కుండా పోయే, ఆ నిండుదనం దేనితో తయారవుతుంది? దానికి కావలసిన సరంజామా ఏమిటి? పాలకొల్లులో ఉంటూ, ఇక్కడి ఆడపిల్లలకి సాహిత్యం చెబుతూ ఆ కథల్ని మళ్ళీ చదివినప్పుడు, అవి విడిగా చదివినప్పుడు అడగని ప్రశ్నలు కొన్ని అడిగాయి.

'సుఖాంతం' కథతో మొదలుపెడదాం. ఈ కథలోని స్త్రీకి పెద్ద కోరికలేమీ లేవు. ఆమెకి కావలసింది కంటినిండా నిద్ర. పుట్టింట్లోనూ, పెళ్ళయ్యాకా, పిల్లలు పుట్టాకా ఎప్పుడూ ఎవరో ఒకరి అవసరం ఆమెని లేపుతూనే ఉంటుంది. చివరికి నిద్రమాత్రలు మింగి ఆమె పడుకుంటుంది. పేరులోని వెటకారం గురించి విమర్శకులు చెప్పారు గానీ నన్ను ఆపింది మరొకటి. ఛాయాదేవి ఇక్కడ స్త్రీ దుఃఖాన్ని మనసు భాషలో కాకుండా గంటల భాషలో చెప్పారు. ఈ కథలో దుర్మార్గుడైన భర్త గానీ, రాచిరంపాన పెట్టే అత్త గానీ ఉండనక్కర్లేదు. ఒక మనిషి రోజులోని ఇరవైనాలుగు గంటల్లో ఒక్క గంట మీద కూడా ఆమెకి హక్కు లేకపోవడమే చాలు. తనదైన కాలం లేని మనిషికి తనదైన సుఖం ఎక్కడినుంచి వస్తుంది? కాలం అంతా ఆగిపోయిన చోట తప్ప ఆమెకి విశ్రాంతి దొరకలేదు.

'బోన్‌సాయ్ బ్రతుకు' అందరికీ తెలిసిన కథ. పల్లెటూరి నుంచి వచ్చిన అక్కయ్యకి చదువుకుని ఉద్యోగం చేసుకుంటున్న చెల్లెలు తన కుండీల్లోని బోన్‌సాయ్ మొక్కల్ని మురిపెంగా చూపిస్తుంది. గాలిదుమారం వచ్చినప్పుడు ఆ కుండీల్ని లోపల పెట్టి కాపాడాల్సి వస్తుంది. వీధిలో స్వేచ్ఛగా ఎదిగిన తురాయి చెట్టు మాత్రం దారినపోయే వాళ్ళకి నీడనిస్తుంది. ఆడపిల్లల పెంపకం కూడా ఇలాంటిదేనని చదువుకోని అక్కయ్యే చెబుతుంది. ఆ మాట చదువుకున్న చెల్లెలి నోట పెట్టకపోవడంలో రచయిత్రి విజ్ఞత ఉంది. చెల్లెలికి చదువుంది, ఉద్యోగముంది, అందమైన అభిరుచి ఉంది. కొరత ఎక్కడుందో కనిపెట్టే చూపు అక్కయ్యది. చదువూ ఉద్యోగమూ వచ్చేస్తే స్త్రీ జీవితం నిండినట్టే అన్న నమ్మకాన్ని ఈ కథ మర్యాదగా పక్కనపెడుతుంది.

మూడోది 'తన మార్గం'. భర్త పోయిన తల్లిని పిల్లలు తమ దగ్గరికి రమ్మంటారు. ప్రేమతోనే పిలుస్తారు. ఆమె వెళ్ళదు. తన ఇంట్లో తానుగా బతకాలనుకుంటుంది. తెలుగు కథల్లో వితంతువైన తల్లికి సాధారణంగా రెండే పాత్రలు దొరుకుతాయి. కొడుకుల ఇళ్ళ మధ్య పంచబడే దీనురాలు ఒకటి, మనవల్ని పెంచే చల్లని తల్లి ఒకటి. ఈ రెండూ కాని మూడో మనిషిని ఛాయాదేవి నిలబెట్టారు. ఆ స్త్రీ ఎవరిమీదా కోపంతో ఆ పని చెయ్యలేదు, త్యాగమూ చెయ్యలేదు. తన పొద్దు తనకి కావాలనుకుంది. 'సుఖాంతం'లో చావులో తప్ప దొరకని కాలం ఇక్కడ బతికుండగానే దొరికింది. ఈ రెండు కథల మధ్య ఆమె సాహిత్య ప్రయాణాన్ని ఇలా కాలం కోసం జరిగిన ప్రయాణంగా చూడవచ్చు.

ఛాయాదేవికి జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలంటే ఇష్టం. ఆయన రచనల్ని తెలుగులోకి తెచ్చారు కూడా. ఈ ఇష్టాన్ని పట్టుకుని ఆమెని అంతర్ముఖురాలని, సమాజం కంటే మనసుకి పెద్దపీట వేశారని అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. కృష్ణమూర్తి చెప్పినదాంట్లో ఒక ముఖ్యమైన అంశం, సమాజం అనేది మన బయట ఎక్కడో ఉండదు, మనం ఒకరితో ఒకరం ఉండే తీరే సమాజం అన్నది. ఛాయాదేవి ఆ మాటని గాలిలో వదిలెయ్యకుండా ఇంట్లోకి తెచ్చారు. భార్యని ఉపగ్రహంలా తన చుట్టూ తిప్పుకునే భర్త, కూతురి చదువు ఆపేసే తండ్రి, అర్ధరాత్రి లేపే బిడ్డ: ఆమె కథల్లో సమాజం అంటే వీళ్ళే. కాబట్టి వ్యక్తి మారాలా సమాజం మారాలా అన్న వాదులాట ఆమె కథల్లో పుట్టదు. ఆ తల్లి పిల్లల ఇంటికి వెళ్ళనన్నప్పుడు మారింది ఆమె మనసు మాత్రమే కాదు. ఆమె పిల్లలు కూడా అమ్మ అంటే ఏమిటో మళ్ళీ ఆలోచించుకోవలసి వచ్చింది.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. అయితే ఆమె కథల్ని పాలకొల్లు నుంచి చదివేటప్పుడు 'కాలం' అన్న మాట దగ్గర ఆగక తప్పదు. మాకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో నరసాపురం ఉంది. ఈ ప్రాంతంలో ఆడవాళ్ళ కాలం గురించి మాట్లాడాలంటే లేసు గురించి మాట్లాడాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు క్రైస్తవంలోకి వచ్చిన స్త్రీలకి నేర్పిన ఈ అల్లిక తర్వాత కాపు కులం స్త్రీలకీ ఇతరులకీ విస్తరించింది. నరసాపురం చుట్టుపక్కల గ్రామాల్లో అరుగుల మీద, వసారాల్లో వేల మంది స్త్రీలు దారం, సూది పట్టుకుని లేసు అల్లారు. ఏజెంటు దారం తెచ్చిస్తాడు, అల్లిన ముక్కలు పట్టుకెళ్తాడు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని అతుకుతారు. అతుకుపని అయ్యాక అది బల్లగుడ్డో, పరుపు మీద దుప్పటో అయి విదేశాలకి పోతుంది. జర్మన్ స్త్రీవాద సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికొచ్చి ఈ స్త్రీల మధ్య తిరిగి 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' రాసింది. 1982లో వచ్చిన ఆ పుస్తకాన్ని ప్రపంచమంతా స్త్రీవాద అధ్యయనాల్లో చదువుతారు.

మీస్ తేల్చిన విషయం పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. ఇంటిచాకిరీ కాకుండా రోజుకి ఆరేడు గంటలపాటు లేసు అల్లే ఈ స్త్రీల్ని ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. ప్రభుత్వ లెక్కల్లో వాళ్ళు లేరు. వర్తకులూ, ఇంట్లో మగవాళ్ళూ, చాలాసార్లు ఆ స్త్రీలు కూడా చెప్పిన మాట ఒకటే: ఇది తీరిక సమయంలో చేసుకునే పని. తీరికలో చేసే పనికి కూలీ అడిగేదేముంది? ఇచ్చింది పుచ్చుకోవడమే. ఆ 'తీరిక' మీద ఎగుమతి వ్యాపారం నడిచింది, మేడలు లేచాయి. స్త్రీ శ్రమని గృహిణి అనే మాట వెనక దాచి చవగ్గా వాడుకునే ఈ పద్ధతికి మీస్ 'గృహిణీకరణ' అనదగిన పేరు పెట్టింది. ఎక్కడో యూరపులో విన్నప్పుడు పెద్ద సిద్ధాంతంలా ఉండే ఈ మాట మా వీధుల్లో అరుగుల మీద పుట్టింది.

మరియా మీస్ పుస్తకం వెలువడిన ఏడాదే ఛాయాదేవి ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో చేస్తున్న ఉద్యోగానికి స్వచ్ఛందంగా విరమణ ఇచ్చారు. తర్వాతి కాలంలో ఆమె రాయడంతో పాటు పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసేవారు, సంచులు కుట్టి స్నేహితులకి ఇచ్చేవారు. ఆమెని ఎరిగినవాళ్ళు ఆ బొమ్మల గురించి ఇష్టంగా చెబుతారు. ఇటు లేసు అల్లే స్త్రీ వేళ్ళు, అటు బొమ్మ కుట్టే రచయిత్రి వేళ్ళు దాదాపు ఒకలాగే కదులుతాయి. తేడా నైపుణ్యంలో లేదు. ఒకామె చేస్తున్నది ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో తానే నిర్ణయించుకోగల పని. ఇంకొకామెది ఏజెంటు వచ్చే రోజుకి పూర్తికావలసిన పని. మొదటిదాన్ని వ్యాపకం అంటాం. రెండోదాన్ని కూడా వ్యాపకమే అని పిలిచి కూలీ తగ్గించారు.

లేసు పనిలో ఆనందం లేదని నేను అనడం లేదు. మా వీధిలో నలభయ్యేళ్ళుగా లేసు అల్లుతున్న ఒక పెద్దావిడ ఉంది. కొత్త డిజైను చేతికొస్తే ఆవిడ కళ్ళు మెరుస్తాయి. "పువ్వు తిరిగిందంటే ఇంక అన్నం కూడా గుర్తుండదమ్మాయ్" అంటుంది. ఆ మాటలో ఒక కళాకారిణికి ఉండే మురిపెం ఉంది. "మరి నీకెంత గిట్టింది పిన్నీ?" అంటే మాత్రం చేత్తో గాలిలోకి ఒక విసురు విసిరి ఊరుకుంటుంది. ఆమె మురిపెం నిజం, ఆ విసురూ నిజం. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని చెరిపెయ్యడమే 'తృప్తి' అనే మాటతో ఇంతకాలం జరిగింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి దక్కిన ఆ గుర్తింపు ఆ పిన్ని చేతికి ఎప్పుడు ఎలా అందుతుందన్నది ఇకముందు చూడాలి.

ఇప్పుడు మళ్ళీ బోన్‌సాయ్ దగ్గరికి వెళ్దాం. ఒకసారి తరగతిలో ఈ కథ చెప్పాక ఆడపిల్లలందరూ కుండీ గురించి ఉత్సాహంగా మాట్లాడారు. కాలేజీకి పంపడానికి పెట్టిన షరతులు, సెల్‌ఫోను మీద ఆంక్షలు, తమ్ముడికి లేని కాపలా తమకెందుకని. ఆచంట వైపు ఒక ఊరి నుంచి వచ్చే అమ్మాయి చివర్లో అడిగింది: "మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తాదండి మేడం. ఆరేళ్ళయింది వెళ్ళి. ఆవిడ కుండీలో మొక్కాండి, బయట చెట్టాండి?"

కథకి ఎదురైన ఇంత మంచి విమర్శ నేను ఏ సదస్సులోనూ వినలేదు. పాలకొల్లు, నరసాపురం, ఆచంట, ఏరు దాటితే కోనసీమ, ఈ ప్రాంతాలన్నిటి నుంచీ స్త్రీలు గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి వెళ్తున్నారు. అప్పు తీర్చడానికి, ఇల్లు కట్టడానికి, కూతుర్ని చదివించడానికి వెళ్తున్నారు. వాళ్ళని ఎవరూ కుండీలో పెట్టి కాపాడలేదు. గాలిదుమారంలో లోపలికి తెచ్చుకునేవాళ్ళు లేరు. అలాగని వీధిలో తురాయి చెట్టులా స్వేచ్ఛగానూ ఎదగలేదు. తన కూతురికి నీడనివ్వడం కోసం ఆమె ఎడారిలో మరొకరి ఇంట్లో, మరొకరి పిల్లల మధ్య ఉంటోంది. బోన్‌సాయ్ ఉపమానంలో ఈ తల్లికి చోటు లేదు.

ఇది ఉపమానంలోని దోషం అనేకంటే అది ఏ ఇంట్లోంచి పుట్టిందో చెప్పే గుర్తు అనడం సబబు. కుండీ అనేది కొన్ని కులాల, కొన్ని తరగతుల ఇళ్ళలోనే ఉంటుంది. ఈ సంగతి మీస్ కూడా గమనించింది. కాపు స్త్రీలు గడప దాటకుండా లేసు అల్లడాన్ని ఇంటి పరువుగా చెప్పుకున్నారు. పొలంలో కూలికి వెళ్ళే దళిత స్త్రీలకి ఆ పరువూ లేదు, దాని సంకెళ్ళూ లేవు. నలుగురితో కలిసి పనిచెయ్యడం వల్ల వాళ్ళలో గొంతెత్తే ధైర్యం కనిపించింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' ఈ తేడాని సాహిత్యంలో తిరుగులేకుండా స్థాపించింది. జూపాక సుభద్ర 'కొంగు' కవిత చూడండి. అగ్రకుల స్త్రీకి సిగ్గుకి కాపలాగా ఉండే కొంగు అక్కడ చెమట తుడిచే, మూట కట్టే, తలకి చుట్టుకునే పనిముట్టు. కొంగు నుంచి విముక్తి కావాలని ఒకరు రాస్తుంటే, కొంగు నా తోటి పనిమనిషి అని ఇంకొకరు రాశారు. ఒకే గుడ్డముక్క రెండు ఇళ్ళలో రెండు అర్థాలిచ్చినప్పుడు 'స్త్రీ సాఫల్యం' అనే మాట అందరికీ ఒకే అర్థమిస్తుందని ఎలా అనుకుంటాం?

ఈ డెల్టా పచ్చదనం చూసి మోసపోకూడదు. భీమవరానికి దగ్గర్లోని గరగపర్రులో 2017లో అంబేద్కర్ విగ్రహం పెట్టిన విషయంలో దళిత కుటుంబాల్ని సాంఘికంగా వెలివేశారు. కూలిపనులకి పిలవడం మానేశారు. వెలి అంటే మగవాళ్ళకి ముందుగా కూలి పోవడం. ఆడవాళ్ళకి దాంతో పాటు పాలు, సరుకులు, పొయ్యి మీదికి రావలసిన ప్రతి వస్తువూ ఒక యుద్ధం కావడం. అలాంటి ఊళ్ళో ఒక స్త్రీ దగ్గరికి వెళ్ళి నీ మార్గం నువ్వు వెతుక్కో అని చెప్పడం హాస్యాస్పదంగా ఉంటుంది. ఆమెకి ఒంటరిగా నడిచే దారే లేదు. దారి మొత్తం వెలివాడకి తెరుచుకుంటేనే ఆమెకీ తెరుచుకుంటుంది.

అయితే ఛాయాదేవి కథలు మధ్యతరగతి ఇల్లు దాటవని తీర్పు చెప్పి పుస్తకం మూసెయ్యాలా? అది తేలిక. మన విమర్శలో అది అలవాటు కూడా. ఎవరి కథలో ఎవరు లేరో జాబితా రాసి చేతులు దులుపుకుంటాం. నాకు అంతకంటే ఉపయోగపడే పద్ధతి మరొకటి తోచింది. ఆ కథల్లో స్త్రీకి కళ్ళు తెరుచుకునే క్షణం ఎలా వస్తుందో చూడాలి. బోన్‌సాయ్ కథలో చెల్లెలికి ఆ క్షణం ధ్యానంలోనో పుస్తకంలోనో రాలేదు. అక్కయ్య వచ్చి చూసి చెప్పింది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలోనూ అంతే. ఇల్లలికి అలికి తన పేరే మరిచిపోయిన గృహిణికి ఇంట్లో ఎవరూ పేరు గుర్తుచెయ్యలేరు. వాళ్ళకి ఆమె అమ్మ, కోడలు, ఏమేవ్. చిన్నప్పటి స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తేనే ఆమెకి తాను దొరికింది. ఆ పేరుతో పాటు చదువూ, పాటా, బొమ్మలూ అన్నీ తిరిగొచ్చాయి. ఇల్లలకగానే పండగ కాదని సామెత. పండగ ఎప్పుడవుతుందో ఆ కథ చెప్పింది.

స్త్రీ తనని తాను తెలుసుకోవడం తెలుగు స్త్రీల కథల్లో ఒంటరిగా జరిగిన సందర్భాలు నాకు తక్కువే కనిపించాయి. దాదాపు ప్రతిసారీ ఇంకొక స్త్రీ చూపు, పిలుపు, సాక్ష్యం అవసరమైంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలకీ ఈ కథలకీ ఉన్న అసలు తేడా ఇదే. ఆ పుస్తకాలు అద్దంలో చూసుకోమంటాయి. ఈ కథలు ఎదుటి ఆడమనిషిని చూడమంటాయి. కుటుంబంలో ఏ ఒక్కరికీ తెలియని నీ పేరు తెలిసిన మనిషి ఒకరు ఎక్కడో ఉంటారు, ఆమెని వదులుకోకు అంటాయి.

ఈ దృష్టితో చూస్తే 'తన మార్గం'లోని తల్లి ఒంటరితనం వేరుగా కనిపిస్తుంది. ఆమె కుటుంబంలోంచి బయటికొచ్చింది గానీ మనుషుల్లోంచి బయటికి పోలేదు. ఛాయాదేవి తన చివరి సంవత్సరాల్ని హైదరాబాదు కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో తోటి వృద్ధుల మధ్య గడిపారు. దాన్ని దిక్కులేనితనంగా చూసే కళ్ళు మన సమాజానికి ఉన్నాయి. రాసిన కథకి దగ్గరగా బతికిన రచయిత్రిగా నేను ఆమెని చూస్తాను.

ఇంకొక ఉదాహరణ సాహిత్యం బయటిది. భీమవరం మండలం తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వస్తే గొంతేరు కాలువ పాడవుతుందని 2016, 2017 ప్రాంతాల్లో చుట్టుపక్కల గ్రామాల వాళ్ళు పోరాడారు. ముందు వరసలో నిలబడింది స్త్రీలు. 144వ సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు, జైలుకీ పంపారు. అప్పటిదాకా పశువులూ, పొలమూ, ఇల్లూ తప్ప వేరే లోకం లేదనుకున్న స్త్రీలు మైకు పట్టుకుని మాట్లాడారు. ఆ రోజుల్లో తుందుర్రు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని తల్లి నాతో అన్న మాట ఇది: "భయం లేకేం కాదండి. కానీ మా ఆయన నా మాట మొదటిసారి ఆఖరిదాకా విన్నాడండి." సభలో ఆమె ఏం సాధించిందో వార్తాపత్రికలు రాశాయి. ఇంట్లో ఆమె ఏం సాధించిందో ఆ ఒక్క వాక్యంలో ఉంది. సమాజం కోసం చేసిన పోరాటానికీ సొంత సాఫల్యానికీ మధ్య గోడ ఉందనుకునేవాళ్ళు ఆ గోడ ఎక్కడుందో ఈమెకి చూపించాలి.

అంతమాత్రాన ఉద్యమంలోకి వెళ్తేనే నిండుదనం అని కొత్త నియమం పెట్టడం లేదు. తెలంగాణ పోరాట స్త్రీల అనుభవం మన ముందుంది. ఉద్యమం ఇచ్చిన కాలాన్ని ఉద్యమం అయిపోయాక ఇల్లు తిరిగి లాక్కుంటుంది. ఇంట్లో కాలం పంపకం మారకుండా బయట ఏది మారినా స్త్రీకి దక్కేది తాత్కాలికమే. అందుకే ఛాయాదేవి ఇంటినే పట్టుకుని కూర్చోవడం చిన్న విషయమేమీ కాదు.

చివరిగా మన గురించి, అంటే చదువుకుని, ఉద్యోగం చేస్తూ, రాస్తూ ఉన్న స్త్రీల గురించి. నేను పిహెచ్‌డి చేస్తానన్నప్పుడు ఒక పెద్దమనిషి "పెళ్ళయిందిగా అమ్మా, ఇంకా ఈ తాపత్రయం ఎందుకు, తృప్తిగా ఉండొచ్చుగా" అన్నాడు. ఇలాంటివి వినని వాళ్ళు ఈ పత్రిక చదువుతున్న వాళ్ళలో ఎవరూ ఉండరనుకుంటాను. మనం పట్టుదలగా రాశాం, పట్టాలు తెచ్చుకున్నాం. దానికి గర్వపడాలి కూడా. కానీ నా సిద్ధాంత వ్యాసం రాసుకున్న ప్రతి మధ్యాహ్నం వెనకా మా ఇంట్లో అంట్లు తోమి, బట్టలు ఉతికిన ఒక స్త్రీ ఉదయం ఉంది. నా కాలం ఆమె కాలంతో తయారైంది. 'సుఖాంతం'లో నిద్ర కరువైన స్త్రీ కోసం బాధపడే మనం, తెల్లవారుజామున నాలుగింటికి లేచి నాలుగిళ్ళ పని చేసే ఆమె నిద్ర గురించి ఎప్పుడు రాస్తాం? ఆమె జీతం, ఆమె సెలవు, ఆమె పేరు మన సాహిత్య చర్చలోకి ఎప్పుడొస్తాయి?

స్త్రీ రచనని విమర్శించేటప్పుడు ఇకపై కథానాయిక చివరికి తృప్తి పొందిందా లేదా అన్నదానితో ఆగకుండా ఇంకొన్ని చూడాలని నా ప్రతిపాదన. ఆమె రోజులో ఆమెదైన గంట ఎంత? ఆ గంట ఆమెకి ఎవరి పని వల్ల మిగిలింది? ఆమె పేరు పెట్టి పిలిచేవాళ్ళు కథలో ఎవరైనా ఉన్నారా? ఈ మూడూ అడిగితే ఛాయాదేవి కథలు చిన్నవి కావు, ఇంకా పెద్దవవుతాయి. లేసు అల్లే పిన్ని కూడా సాహిత్య విమర్శకి పనికొచ్చే మనిషవుతుంది. అప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి సమాధానం మొక్కల్లో వెతకక్కర్లేదు. మా అమ్మ ఏ చెట్టో చెప్పమని అడిగిన పిల్లని, మీ అమ్మ పేరేమిటి, ఏం పని చేస్తుంది, ఎప్పుడు పడుకుంటుంది, నీకు ఫోనులో ఏం చెబుతుంది, అవి రాయమని అడగొచ్చు. నేను అడిగాను. ఆ అమ్మాయి రాస్తోంది.